మానిక ఎవరి చేతిలో? తెలుగు అక్షరం, బ్రౌజర్లు, ప్రమాణాలు

పోయిన సంవత్సరం మా బడి పిల్లలు స్థానిక కవుల మీద గోడపత్రిక వేయాలనుకున్నారు. జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం పరిసరాల్లో కవులెవరున్నారని అడిగితే నాకు మొదట గుర్తుకొచ్చింది మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసిన ఒక మిత్రుడు. ఇప్పుడు ఆయన లేడు. 2003లో పటాన్‌చెరులో ఒక డి.టి.పి. సెంటరులో కవితలన్నీ టైపు చేయించాడు. డబ్బు కూడక పుస్తకం వేయలేకపోయాడు. ఆ కవితలున్న సి.డి. కుటుంబం దగ్గర భద్రంగానే వుంది. తెచ్చి బడి కంప్యూటరులో పెట్టాం. ఫైలు తెరుచుకున్నది. అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కుండలీకరణాలు, అర్థంలేని చుక్కలు పేజీల నిండా పరుచుకుని వున్నాయి. టైపు చేసిన సెంటరు మూతపడి చాలా ఏళ్లయింది.

కవి పోయినా కవిత్వం మిగులుతుందని ఏటా పాఠం చెప్పే తెలుగు పంతుల్ని నేను. ఆ రోజు పిల్లల ముందు నోరు పెగల్లేదు. చేతిరాత ప్రతి దొరికినా ఎట్లాగో కూడబలుక్కుని చదివేవాళ్లం. సి.డి. పాడు కాలేదు, కవిత చెరిగిపోలేదు. అక్షరానికీ యంత్రానికీ మధ్య వుండవలసిన ఒప్పందం లేకుండా పోయింది. ఆ ఒప్పందాన్నే ప్రమాణం అంటారు. సాహిత్య విద్యార్థులు దీన్ని ఇంజనీర్ల గొడవగా కొట్టిపారేస్తుంటారు. అది పొరపాటని చెప్పడానికే ఈ వ్యాసం.

‘ప్రమాణం’ మా ప్రాంతానికి కొత్త మాట కాదు. 1970లలో పటాన్‌చెరులో, ఆ తరువాత బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారంలలో ఫ్యాక్టరీలు లేచాయి. వాటి వ్యర్థజలం నక్కవాగులో కలిసి మంజీరను చేరింది. వాగులోకి వదిలే నీటికి ప్రమాణాలు లేకపోలేదు. కాగితం మీద అంకెలతో సహా వున్నాయి. అయినా వాగు పాడైంది. ప్రమాణం రాసి వుండటం వేరు, దాన్ని పాటించడం వేరు, పాటిస్తున్నారో లేదో కొలిచే అధికారం ఎవరి చేతిలో వున్నదనేది మరీ వేరు అని ఈ వాగు మాకు నేర్పింది. ఇంకా వెనక్కు పోతే మా తాత చెప్పిన సంగతి ఒకటుంది. దొర గడీలో గింజలు ఇచ్చేటప్పుడు ఒక మానిక, తిరిగి కొలుచుకునేటప్పుడు మరొక మానిక. రెండింటినీ మానికే అనేవారు. దేశమంతటికీ ఒకే తూనిక, ఒకే కొలత వుండాలని 1956లో చట్టం వచ్చింది. అది పేదవాడికి కడుపు నింపలేదు గాని, తనకు ఎంత తక్కువ కొలిచారో నిరూపించే ఆధారమైనా ఇచ్చింది. వెబ్ ప్రమాణాల చరిత్రను ఈ రెండు అనుభవాల వెలుగులో చూస్తేనే అసలు విషయం బోధపడుతుంది.

ముందు బ్రౌజర్ అంటే ఏమిటో మన పరిభాషలో చెప్పుకుందాం. వెబ్ పేజీ రాతప్రతి అనుకుంటే బ్రౌజర్ కంపోజిటరు. ఎక్కడ శీర్షిక, ఎక్కడ పేరా, ఎక్కడ బొమ్మ అన్నది రాతప్రతిలో గుర్తులుగా వుంటుంది. కంపోజిటరు ఆ గుర్తులు చదివి తెరమీద పేజీ పేరుస్తాడు. ప్రూఫులు దిద్దినవాళ్లకు ఇది సులభంగా తెలుస్తుంది. తొలగించమనే గుర్తు, కలపమనే గుర్తు, పేరా విడగొట్టమనే గుర్తు ఏ ప్రెస్సుకు పోయినా ఒకటే. ప్రతి ప్రెస్సూ తనకొక ప్రూఫు గుర్తుల పట్టిక పెట్టుకుంటే రచయిత గతి ఏమిటి? ఒక ప్రెస్సుకు అలవాటుపడ్డవాడు ఇక అక్కడే పడివుండాలి. వెబ్‌లో సరిగ్గా అదే జరిగింది.

1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించాడు. 1990 చివరికి మొదటి బ్రౌజర్ ఆయనే రాశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని ఎవరైనా, ఏ రుసుమూ లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఊరి చెరువును ఊరికే వదిలినంత పెద్ద నిర్ణయమది. అదే సంవత్సరం అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ బ్రౌజర్ వచ్చి వెబ్‌ను సామాన్యుల ముందుకు తెచ్చింది. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ పుట్టింది. ఆ సంవత్సరం అక్టోబరులోనే బెర్నర్స్-లీ పూనికతో వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ, వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, ఏర్పడింది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో రంగంలోకి దిగింది.

ఇక్కడ నుంచి పోటీ మొదలైంది. పోటీ వల్ల వస్తువు బాగుపడుతుందని మార్కెట్ వాదులు చెబుతారు. కొంతకాలం బాగుపడింది కూడా. కాని ప్రతి కంపెనీ ప్రమాణంలో లేని సొంత గుర్తులు కలపసాగింది. నెట్‌స్కేప్ అక్షరాలను మిణుకుమనిపించే గుర్తు తెచ్చింది. ఎక్స్‌ప్లోరర్ అక్షరాలను తెరమీద పరిగెత్తించే గుర్తు తెచ్చింది. ఇవి చిన్న విషయాల్లా కనబడతాయి. వీటి వెనుక వున్న ఎత్తు చిన్నది కాదు. ఈ పేజీ మా బ్రౌజర్‌లోనే బాగా కనబడుతుందని లక్షల పేజీల అడుగున రాయించగలిగితే, పాఠకుడు ఏ బ్రౌజర్ వాడాలో కంపెనీయే నిర్ణయించినట్టు. విండోస్‌తోపాటే ఎక్స్‌ప్లోరర్ కూడా రావడంతో పోరు ఏకపక్షమైంది. 1998లో అమెరికా ప్రభుత్వమే మైక్రోసాఫ్ట్ మీద గుత్తాధిపత్య వ్యతిరేక చట్టం కింద దావా వేసింది. 2000లో కింది కోర్టు కంపెనీని రెండుగా విడగొట్టమన్నది. 2001లో పై కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికి నెట్‌స్కేప్ కథ ముగింపుకొచ్చింది.

గుత్తాధిపత్యం ఏమి చేస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఎక్స్‌ప్లోరర్ ఆరో కూర్పు 2001లో వచ్చింది. పాత కూర్పులతో కలిపి చూస్తే నూటికి తొంభైమందికి పైగా వాడుకరులు ఎక్స్‌ప్లోరర్ చేతిలోకి వచ్చారు. ఏడో కూర్పు రావడానికి 2006 అక్టోబరు దాకా పట్టింది. ఎదురు లేని దొరకు మానిక సరిచేసే అవసరమేముంది? ప్రమాణాలు కాగితం మీద ముందుకు పోతూనే వున్నాయి. పేజీలు రాసేవాళ్లు మాత్రం ఆరో కూర్పు తప్పులకు తగ్గట్టు తమ పేజీలను వంకరగా రాయడం నేర్చుకున్నారు. తప్పే ఆచారమైపోయింది. దక్షిణ కొరియాలో బ్యాంకుల లావాదేవీలన్నీ మైక్రోసాఫ్ట్ సొంత సాంకేతికం మీద ఆధారపడి, దేశం మొత్తం ఏళ్ల తరబడి ఒకే బ్రౌజర్‌కు కట్టుబడిపోయింది. మన దగ్గర కూడా ఒక కార్యాలయం వెబ్‌సైటులో నా సర్వీసు వివరాలు నింపడానికి పాత ఎక్స్‌ప్లోరర్ వున్న కంప్యూటరు కోసం రెండు ఊళ్లు తిరిగిన అనుభవం నాకే వుంది.

ఈ పోరు మధ్యలోకి తెలుగు ఎట్లా వచ్చిందో చూడాలి. 1990ల మొదట్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఇంటర్నెట్ చర్చావేదికల్లో తెలుగును ఇంగ్లీషు లిపిలో రాసుకునేవారు. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు అందుకొక పద్ధతి తయారుచేశారు. ఆర్.టి.ఎస్. అని దానికి పేరు. దీర్ఘానికి ఇది, మహాప్రాణానికి అది అని అందరూ ఒప్పుకున్న పద్ధతి. వెబ్ మీద తెలుగు వాళ్లు తమకు తాముగా చేసుకున్న తొలి ప్రమాణాల్లో అదొకటి. 1998లో మొదలైన ‘ఈమాట’ వంటి పత్రికలకు పునాది వేసింది ఆ తరమే.

అచ్చంగా తెలుగు లిపిలో పేజీ చూపాలంటే మాత్రం చిక్కు వచ్చింది. అప్పటికి మన డి.టి.పి.లో స్థిరపడ్డ పద్ధతి పాత కంపోజింగు కేసుకు కొనసాగింపు. సీసపు అచ్చుల్లో తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, ఒత్తు ఒక గడిలో వుండేవి కదా. కంప్యూటరు ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల గడులున్నాయి. ఆ గడుల్లోని ఇంగ్లీషు బొమ్మలు తీసేసి తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. తెరమీద తెలుగు కనబడుతుంది. యంత్రం మటుకు తాను ఇంగ్లీషు దాస్తున్నాననే అనుకుంటుంది. ఏ గడిలో ఏ ముక్క పెట్టాలో ఎవరికి తోచినట్టు వారు నిర్ణయించుకున్నారు. ఆ ఫాంటు వుంటే తెలుగు, లేకపోతే చెత్త. నా మిత్రుడి కవితలు పడిన గుంట ఇదే.

దినపత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి వచ్చింది. ఈనాడు కోడ్ వేరు, వార్త కోడ్ వేరు. పాఠకుడు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు దించుకోవాలి. ఈ బాధ తప్పించడానికి పేజీతోపాటే ఫాంటును పంపే ఉపాయం 1997లో వచ్చింది. నెట్‌స్కేప్ నాలుగో కూర్పు ఒక పద్ధతి ఎంచుకున్నది. ఎక్స్‌ప్లోరర్ నాలుగో కూర్పు మరొకటి ఎంచుకున్నది. ఒకదాన్ని మరొకటి చదవలేదు. చివరికి గెలిచినవాడి పద్ధతే మిగిలింది. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఇంటర్నెట్ సెంటరులో తెలుగు వార్త చదవాలంటే ఎక్స్‌ప్లోరర్ తెరవవలసిందే. వేరే దాంట్లో తెరిస్తే పై చెత్త ప్రత్యక్షం. వెతకడమూ సాధ్యం కాదు. ‘కరువు’ అని కొడితే ఏ పత్రికలోని కరువూ దొరకదు. ఎందుకంటే యంత్రం దృష్టిలో ఆ పేజీల్లో తెలుగే లేదు. అంటే ఒక దశాబ్దపు తెలుగు రాత తెరమీద వుండి కూడా గ్రంథాలయంలోకి ఎక్కలేదు.

దీనికి పరిష్కారం సిద్ధాంతరీత్యా ముందే వుంది. ప్రపంచంలోని లిపులన్నింటికీ ఒకే పట్టికలో స్థానాలు కేటాయించే యూనికోడ్ 1991 అక్టోబరులో వెలువడింది. మన దేశపు 1988 నాటి ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చారు. ఇందులో దాచేది బొమ్మను కాదు, వర్ణాన్ని. ‘క్ష’ అంటే క, పొల్లు, ష. వాటిని కలిపి ఒత్తుగా మలచడం ఫాంటూ బ్రౌజరూ చేయవలసిన పని. కాబట్టి బ్రౌజర్ ప్రమాణం పాటించకపోతే యూనికోడ్ కూడా నిరర్థకమే. తొలినాళ్లలో ఎన్నో కంప్యూటర్లలో ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జారి కనబడేవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి ఫాంటుతో తెలుగు చేరింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంటులను తయారుచేసి ఉచితంగా అందరికీ ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది.

మరొక పక్క 1998లో నెట్‌స్కేప్ బయటపెట్టిన మూలరాత మీద స్వచ్ఛంద కార్యకర్తలు, ఇంజనీర్లు కలిసి చేసిన కృషి 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్‌గా ఫలించింది. మూలరాత అందరికీ అందుబాటులో వుండడం వల్ల మనకు కలిగిన మేలు ‘పద్మ’. వెన్న నాగార్జున రాసిన ఈ పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌లో చేరి, పత్రికల సొంత ఫాంటు కోడ్‌లను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. వేరువేరు మానికలతో కొలిచిన గింజలను ఒక మనిషి కూర్చుని ప్రజల మానికతో తిరిగి కొలవడం లాంటిదది. 2006లో వీవెన్ ‘లేఖిని’ వచ్చింది. ఏ బ్రౌజర్‌లోనైనా తెలుగు టైపు చేయడానికి అది దారి తీసింది. బ్లాగులు రాసిన ఆ నాటి తరం చాలావరకు ఈ పనిముట్టు మీద చేయి తిప్పుకున్నదే. ఇందులో ఏదీ ప్రభుత్వ ఉత్తర్వుతో జరగలేదు, లాభం కోసమూ జరగలేదు. ప్రభుత్వం తన ఇ-పాలనకు యూనికోడ్‌ను ప్రమాణంగా ప్రకటించింది 2009లో.

బ్రౌజర్ల మీద కూడా ప్రజాభిప్రాయ ఒత్తిడి పనిచేసింది. ప్రమాణాలు పాటించాలని కోరుతూ 1998లోనే పేజీలు రాసేవాళ్లు ఒక బృందంగా ఏర్పడ్డారు. 2005లో వాళ్లు ఒక పరీక్షాపేజీ పెట్టారు. బ్రౌజర్ ప్రమాణాలను సరిగా పాటిస్తే తెరమీద నవ్వుముఖం వస్తుంది, లేకపోతే ముఖం చెదిరిపోతుంది. ఫ్యాక్టరీ కాలువ నీటిని సీసాలో పట్టి నలుగురికీ చూపడం వంటి పని ఇది. చెదిరిన ముఖం అందరికీ కనబడ్డాక కంపెనీలు దిగివచ్చాయి. 2009లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ ఎనిమిదో కూర్పు ఆ పరీక్ష నెగ్గింది. 2012 డిసెంబరులో వెబ్ ఫాంటులకు అందరూ ఒప్పుకున్న పద్ధతి కూడా ప్రమాణమైంది. ఒకప్పుడు కంపెనీకొక తీరుగా వున్నది ఉమ్మడి ఆస్తి అయింది. 2022 జూన్‌లో ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ స్వయంగా మంగళం పాడింది.

సాహితీమిత్రుల్లో కొందరికి ఇక్కడొక సందేహం కలగవచ్చు. ప్రమాణీకరణ అంటే అందరినీ ఒకే అచ్చులో పోయడం కాదా? గ్రాంథికవాదులు కూడా ప్రమాణం పేరుతోనే కదా గిడుగు రామమూర్తిని ఎదిరించారు? ప్రశ్న న్యాయమైనదే. సమాధానం కోసం ప్రమాణం ఏ స్థాయిలో వున్నదో విడదీసి చూడాలి. ఏ మాట శిష్టమో, ఏ మాట నీచమో నిర్ణయించేది ఒక రకం. దాని వెనుక అధికారం వుంటుంది. అక్షరాన్ని యంత్రంలో ఏ అంకెతో దాచాలో చెప్పేది మరొక రకం. యూనికోడ్ ‘వచ్చుచున్నాడు’ అనే రాతనూ ‘వస్తుండు’ అనే రాతనూ సమానంగా దాస్తుంది. మెదక్ యాసకు అది వేరే ఫాంటు అడగదు. మాండలిక రచయితకు ఇంతకంటే మంచి మిత్రుడు లేడు. అయితే అదే ఫోను, ‘వస్తుండు’ కింద ఎర్రగీత గీసి తప్పంటే, అక్కడ మొదటి రకం ప్రమాణం దొడ్డిదారిన లోపలికి వచ్చినట్టు. ఆ తేడా తెలిసి వుండటం మన పని.

ఉమ్మడి ప్రమాణాన్ని పూజించవలసిన పని కూడా లేదు. దాన్ని రాసిన బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారనేది చరిత్రలో ఎప్పుడూ అడగవలసిన ప్రశ్నే. మన ‘ౘ’, ‘ౙ’లకూ, కరణం లెక్కల్లో వాడిన భిన్నాంకాల గుర్తులకూ యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లో. పాత అచ్చు పుస్తకాల్లోని నకారపొల్లుకు దొరికింది 2021లో. 2010 ప్రాంతంలో చాలా ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనబడేది. ఒపేరా మినీ బ్రౌజర్‌లో ఒక అమరిక మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదువుకునేవాళ్లం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే చాలు, ఐఫోనులో ఆ సందేశం తెరిచిన ప్రోగ్రాం కూలిపోయేది. లోకం నవ్వుకున్నది. ఆ కంపెనీ 19వ తేదీన సవరణ విడుదల చేసింది. తప్పు మన అక్షరానిది కాదు. మన అక్షరాన్ని పూర్తిగా పరీక్షించకుండానే బజారుకు పంపిన పద్ధతిది. ‘శ్రీ’ని ఒక అక్షరంగా లెక్కించాలా, రెండుగానా అన్న విషయంలో కూడా తెలుగు లెక్కకు అనుగుణంగా యూనికోడ్ నియమం మారింది 2023లో. అంతకుముందు ఆ నియమం ప్రకారం అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాంకు ‘శ్రీ’ రెండక్షరాలు. ఛందస్సు చదివిన పిల్లవాడెవడైనా ఆ లెక్క తప్పని చెప్పగలడు. అయితే ఆ పిల్లవాణ్ణి అడిగినవాళ్లు లేరు.

గతం గడిచిపోయింది, ఇక చింత లేదనుకోవడానికి వీల్లేదు. 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్ ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్ స్థానంలో కూర్చున్నది. 2013లో ఒపేరా, 2020లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ దాని యంత్రాన్నే తమ లోపల పెట్టుకున్నాయి. పేర్లు అనేకం, పెద్ద యంత్రాలు మూడు, వాటిలో ఒకటి మిగతావాటిని మించిపోయింది. 2024 ఆగస్టులో అమెరికా కోర్టు శోధన రంగంలో గూగుల్‌ది అక్రమ గుత్తాధిపత్యమని తేల్చింది. క్రోమ్‌ను అమ్మివేయాలన్న ప్రభుత్వ కోరికను 2025 సెప్టెంబరులో అదే కోర్టు తోసిపుచ్చింది. ఈ సంస్థలే ప్రమాణాల బల్ల దగ్గర కూడా ప్రధాన స్థానాల్లో వున్నాయి. దొర మానికను సవరించడం ఒక ఎత్తు. దొరే తూనికల అధికారి కాకుండా చూడడం మరొక ఎత్తు.

మరి రచయితలు చేయవలసిందేమిటి? పెద్ద మాటలు అక్కర్లేదు. పుస్తకం అచ్చుకు ఏ ఫాంటులో వెళ్లినా, రచయిత దగ్గర యూనికోడ్ ప్రతి ఒకటి వుండాలి. పత్రికలు, సంఘాలు తమ పాత సంచికల ఫైళ్లను, వాటిని చదవగల యంత్రాలు బతికివుండగానే మార్చుకోవాలి. ‘పద్మ’ వంటి పనిముట్టు కూడా శాశ్వతం కాదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ కొత్త కూర్పు వచ్చినప్పుడు పాత తరహా పొడిగింపులన్నీ ఆగిపోయాయి. మన వెబ్ పత్రిక ఒకే బ్రౌజర్‌లో బాగుంటే చాలదని, ఫైర్‌ఫాక్స్‌లోనూ చవక ఫోనులోనూ తెరిచి చూడాలని సంపాదకులు ప్రూఫు చూసినంత శ్రద్ధగా గుర్తుంచుకోవాలి. సాహిత్య చరిత్రకారులు 1990–2010 మధ్య డిజిటల్ రాతను తాళపత్రాలతో సమానంగా పరిగణించి పరిష్కరణకు పూనుకోవాలి.

మిత్రుడి సి.డి. సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఫాంటు ఏదో ఒక పాత డి.టి.పి. ఆపరేటరు చూసి గుర్తుపట్టాడు. మార్చే ప్రోగ్రాం ఒకటి తెచ్చి నడిపిస్తే ముప్పాతికవంతు తెలుగు బయటపడింది. ఒత్తులు తారుమారై, సున్నాలు ఎగిరిపోయి వున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు సాయంత్రాలు కూర్చుని దిద్దారు. ‘నక్కవాగు’ అన్న మాట ఒకచోట ‘నకవాగు’గా వచ్చింది. అట్లాగే వుంచుదామా అని ఒక పిల్ల అడిగింది. కవి రాయని తప్పు కవికి అంటగట్టకూడదని చెప్పాను. ఆ పిల్ల ఒత్తు పెట్టింది. ఇప్పుడు ఆ మాట ఏ బ్రౌజర్‌లో వెతికినా దొరుకుతుంది.